కాటా మీద కిలో వేరు, కొవ్వులో కిలో వేరు

ఆషాఢ శుద్ధ చతుర్దశి నాడు విశాఖలోని సింహాచలం కొండ దిగువన తొలి పావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరిన భక్తులు ముడసర్లోవ, హనుమంతవాక, అప్పుఘర్, ఎంవీపీ, మాధవధార, ఎన్‌ఏడీ, గోపాలపట్నం మీదుగా కొండ చుట్టూ తిరిగి మళ్లీ అప్పన్న పాదాల దగ్గరికి చేరేసరికి 32 కిలోమీటర్ల నడక అవుతుంది. చాలామంది రాత్రంతా నడుస్తారు. తెల్లారి ఇంటికొచ్చి, స్నానం చేసి, ఎంత తగ్గామో చూద్దామని వెయిట్ మిషన్ ఎక్కితే కిలోన్నరో, రెండు కిలోలో తక్కువ కనిపించడం మామూలే. ఆ పూట ఇంట్లో అదే పెద్ద వార్త. మూడో రోజు మళ్లీ ఎక్కితే ఆ రెండు కిలోలూ తిరిగి వచ్చేస్తాయి. ఒక్కోసారి పైన ఇంకో అరకిలో కూడా చేరుతుంది. "అంత నడిచి ఏం లాభం" అనే మాట సరిగ్గా అప్పుడే వస్తుంది.

ఆ రెండు అంకెలూ నిజమైనవే. మిషన్ తప్పేమీ చూపలేదు. దాన్ని ఎక్కిన మనిషి తెలుసుకోవాలనుకున్నది ఒంట్లో కొవ్వు ఎంత తగ్గిందని. మిషన్ చెప్పింది మాత్రం కొవ్వు, కండ, ఎముక, నీరు, పేగుల్లో ఉన్న నిన్నటి భోజనం, ఇంకా బయటికి పోని మూత్రం, ఒంటి మీది బట్టలు, అన్నీ కలిపిన మొత్తం. ఈ మొత్తంలో కొవ్వు చాలా నిదానంగా మారుతుంది. నీరు గంటగంటకూ మారుతుంది. పెద్దవాళ్ల ఒంట్లో సగానికి పైగా నీరే కాబట్టి ఆ నీటిలో కొద్దిపాటి తేడా వచ్చినా, కొవ్వులో వచ్చిన మార్పు దాని కింద కనబడకుండా పోతుంది. మంచి దారిలో ఉన్నవాళ్లు మధ్యలో మానేయడానికి, పనికిరాని డైట్లకు పేరు రావడానికి రెండింటికీ మూలం ఇక్కడే ఉంది.

ప్రదక్షిణ లెక్క

70 కిలోల మనిషి 32 కిలోమీటర్లు నడిస్తే ఖర్చయ్యే శక్తి సుమారు 1,500 నుంచి 1,800 క్యాలరీలు. ఒంట్లో కిలో కొవ్వు కరగాలంటే సుమారు 7,700 క్యాలరీల లోటు పడాలి. అంటే దారి పొడవునా దాతలు పంచే పులిహోర, మజ్జిగ, ప్రసాదాలు ఏమీ ముట్టుకోకుండా ప్రదక్షిణ పూర్తి చేసినా తగ్గే కొవ్వు పావుకిలోకు మించదు. మిగతాదంతా చెమట, ఊపిరితో పోయిన ఆవిరి, కండరాల్లో నిల్వ ఉండి వాడుకలోకి వచ్చిన పిండిపదార్థం, దాన్ని అంటిపెట్టుకుని ఉండే నీరు.

మూడో రోజు పెరిగిన బరువుకు కారణం పిక్కల్లో, తొడల్లో ఉంటుంది. అలవాటు లేని శ్రమకు కండరాలు సన్నగా చిరుగుతాయి. వాటిని బాగుచేసుకోవడానికి శరీరం అక్కడికి నీరు చేరుస్తుంది. నొప్పులు, బిగుతు, కాస్త వాపు అందుకే. చెమటతో ఉప్పు, నీరు పోయాయి కాబట్టి కిడ్నీలు కొన్నాళ్లు రెండింటినీ పొదుపుగా పట్టి ఉంచుతాయి. తిన్న అన్నం మళ్లీ కండరాల్లో నిల్వ అవుతుంది. ఇన్ని జరుగుతున్నా, కరిగిన ఆ పావుకిలో కొవ్వు కరిగినట్టే ఉంది. కాటా మీద దాని జాడ తెలియలేదు, అంతే.

ఈ లెక్కను తిరగేసి చూస్తే పెళ్లి భోజనం తర్వాత పట్టుకునే టెన్షన్ కూడా తగ్గుతుంది. ఆదివారం పెళ్లిలో తిని, సోమవారం పొద్దున చూసుకుంటే కిలో పెరిగి ఉంటుంది. అది కిలో కొవ్వే అయితే, ఆ రోజు ఒంటికి అవసరమైన తిండి పోగా అదనంగా 7,700 క్యాలరీలు తినాలి. గ్రాము చక్కెరకు 4 క్యాలరీలు. అంటే మామూలు భోజనం మీద దాదాపు రెండు కిలోల పంచదార మింగి ఉండాలి. పూర్ణాలు, మాడుగుల హల్వా ఎంత వదలకుండా తిన్నా ఒక పూటలో అంత దూరం ఎవరూ వెళ్లరు. పెరిగిన కిలోలో కొవ్వు వంద గ్రాములో, నూటయాభయ్యో ఉండవచ్చు. మిగతాది ఉప్పు పట్టి ఉంచిన నీరు, ఇంకా అరగని భోజనం.

కరిగిన కొవ్వు ఎటు పోతుందో కూడా ఇక్కడే చెప్పుకోవాలి. చెమటగా కారిపోతుందని చాలామంది నమ్మకం. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయానికి చెందిన రూబెన్ మీర్‌మన్, ఆండ్రూ బ్రౌన్ 2014లో ప్రచురించిన లెక్క ప్రకారం 10 కిలోల కొవ్వు పూర్తిగా ఖర్చయితే అందులో 8.4 కిలోలు బొగ్గుపులుసు వాయువుగా ఊపిరితో బయటికి పోతుంది. మిగిలిన 1.6 కిలోలు నీరవుతుంది. కాబట్టి బీచ్ రోడ్డులో తెల్లవారుజామున ప్లాస్టిక్ జాకెట్ వేసుకుని పరుగెత్తేవారికి, నడుముకు చెమట బెల్టు బిగించుకునేవారికి కారేది కొవ్వు కాదు. రెండు సీసాల నీళ్లు తాగేసరికి ఆ బరువు తిరిగి వస్తుంది. రాకపోతే ప్రమాదం. ఎండలో ఒంటి వేడి బయటికి పోనివ్వకుండా కట్టడి చేయడం వల్ల కళ్లు తిరగడం నుంచి వడదెబ్బ దాకా ఏదైనా జరగవచ్చు. ఈ బెల్టులకు ఎంత ప్రచారం ఉందో, వాటి వల్ల వచ్చే ముప్పు గురించి అంత చెప్పేవాళ్లు లేరు.

మనిషి బరువు రోజంతా మారుతూనే ఉంటుందని పట్టుకున్నది ఈ కాలం వాళ్లు కాదు. ఇటలీలోని పాడువాలో వైద్యం బోధించిన శాంటోరియో శాంటోరియో పెద్ద కాటాకు వేలాడదీసిన కుర్చీలో కూర్చుని ముప్పై ఏళ్లపాటు తన బరువు, తినేది, తాగేది, బయటికి పోయేది అన్నీ తూచుకున్నాడు. 1614లో ఫలితాలు ప్రచురించాడు. తిన్నదానికీ, మలమూత్రాలుగా పోయినదానికీ మధ్య పెద్ద తేడా కనబడింది. కంటికి కనిపించకుండా చర్మం నుంచి, ఊపిరి నుంచి నీరు ఆవిరైపోతోందని ఆయన తేల్చాడు. రాత్రి పడుకునే ముందు చూసుకున్న బరువు, పొద్దున లేచాక చూసుకున్న బరువు ఒకటి కాకపోవడానికి మూత్రంతో పాటు ఇది కూడా కారణం.

ఉప్పు, ఉక్కపోత

ఒంట్లోని నీటికీ ఉప్పుకూ విడదీయరాని బంధం ఉంది. రక్తంలో ఉప్పు పాళ్లు మారకుండా చూసుకోవడం శరీరానికి ప్రాణంతో సమానమైన పని. ఆసుపత్రిలో ఎక్కించే సెలైన్‌లో లీటరుకు 9 గ్రాముల ఉప్పు ఉంటుంది. ఒంట్లో ఉండే ఉప్పు నీటి పాళ్లు కూడా దాదాపు అంతే. దీన్నిబట్టి ఒక రోజు మామూలుకన్నా నాలుగైదు గ్రాముల ఉప్పు ఎక్కువ తింటే, అది మూత్రంలో పోయేదాకా అరలీటరు నీరు ఒంట్లో ఆగుతుంది. కాటా మీద అది అరకిలో. నాలుగైదు గ్రాములంటే చెంచాడు ఉప్పు కూడా కాదు. రోజు మొత్తానికి ఉప్పు 5 గ్రాములు దాటకూడదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా.

విశాఖ వంటింట్లో ఆ చెంచా ఎక్కడినుంచైనా వస్తుంది. కొత్త ఆవకాయ కలిపిన ముద్దలో వస్తుంది. వేసవిలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవల వేట ఆగి, పచ్చి చేప తగ్గి ఎండు చేపల పులుసు పెట్టుకునే రోజుల్లో వస్తుంది. బీచ్‌లో పొట్లం కట్టిచ్చే మురీ మిక్చర్‌లో, బిర్యానీలో, పెరుగన్నంలోకి నంజుకునే ఊరమిరపకాయలో కూడా వస్తుంది. ఉదయం చూస్తే ముఖం కాస్త ఉబ్బినట్టుంటుంది, ఉంగరం బిగుతవుతుంది, బరువు పెరుగుతుంది. రెండు మూడు రోజుల్లో కిడ్నీలు ఆ లెక్క సరిచేస్తాయి. దానికోసం నీళ్లు తాగడం మానేయనక్కర్లేదు. ఉప్పు తగ్గించి, నీళ్లు మామూలుగా తాగితే చాలు. అయితే బీపీ ఉన్నవాళ్లకు ఉప్పు సంగతి కాటాకన్నా చాలా పెద్దది. వాళ్లు బరువు కోసం కాకపోయినా తగ్గించుకోవాల్సిందే.

ఇక ఉక్కపోత. సముద్రం పక్కన ఉన్న ఊరు కాబట్టి గాలిలో తేమ ఎక్కువ. చెమట ఆరదు. ఆరకపోతే ఒళ్లు చల్లబడదు, చల్లబడకపోతే ఇంకా పడుతుంది. మే నెలలో కైలాసగిరి మెట్లు ఎక్కి దిగినవాళ్ల చొక్కా పిండితే నీళ్లు కారడం అందరూ చూసిందే. గంటకు లీటరు దాకా చెమట పోయినా ఆశ్చర్యం లేదు. అదే మనిషి డిసెంబరులో అవే మెట్లు ఎక్కితే చెమట అందులో సగం కూడా పట్టకపోవచ్చు. ఖర్చయిన శక్తి మాత్రం దాదాపు ఒకటే. చెమటను బట్టి కొవ్వును లెక్కకడితే వేసవి ఎప్పుడూ గొప్పగా కనిపిస్తుంది, చలికాలం దండగ అనిపిస్తుంది.

అన్నం మానేసిన మొదటి వారం

ఎక్కువమంది మోసపోయేది ఇక్కడ. "అన్నం మానేశా, వారంలో మూడు కిలోలు తగ్గా" అనే మాట ఆఫీసుల్లో, అపార్ట్‌మెంట్ లిఫ్టుల్లో, వాకింగ్ బ్యాచ్‌ల మధ్య ఎప్పుడూ వినిపిస్తుంది. అందులో అబద్ధం లేదు. మూడు కిలోలు నిజంగానే తగ్గుతాయి. అవి దేనివన్నదే ప్రశ్న.

తిన్న అన్నం, ఇడ్లీ, చపాతీ జీర్ణమై గ్లూకోజు అవుతాయి. అప్పటికి అవసరం లేని గ్లూకోజును శరీరం గ్లైకోజెన్ అనే రూపంలో దాచుకుంటుంది. కాలేయంలో సుమారు 100 గ్రాములు, కండరాల్లో సుమారు 400 గ్రాములు పడుతుంది. ఇది పొడిగా ఉండదు. ప్రతి గ్రాము దాదాపు 3 గ్రాముల నీటిని తనతో పట్టి ఉంచుతుంది. ఈ నిల్వ పూర్తిగా నిండి ఉన్నప్పుడు దాని మొత్తం బరువు రెండు కిలోల దాకా ఉంటుంది. అన్నం, తీపి, గోధుమ అన్నీ ఒకేసారి ఆపేస్తే మూడు నాలుగు రోజుల్లో ఈ నిల్వ చాలావరకు ఖాళీ అవుతుంది, నీరు మూత్రంలో పోతుంది. పిండిపదార్థం తగ్గితే ఇన్సులిన్ తగ్గుతుంది. ఇన్సులిన్ తగ్గితే కిడ్నీలు ఉప్పును ఎక్కువగా వదిలేస్తాయి, దాని వెంట ఇంకొంత నీరు పోతుంది. తినే మోతాదు తగ్గింది కాబట్టి పేగుల్లో ఉండే సరుకూ తగ్గుతుంది. ఇవన్నీ కలిస్తే మొదటి వారంలో మూడు కిలోలు. అందులో కొవ్వు అరకిలో నుంచి ముప్పావు కిలో ఉంటే గొప్ప.

రెండో వారంలో ఆ వేగం ఉండదు, ఉండే వీలు లేదు. ఖాళీ కావాల్సిన నీరు ఖాళీ అయిపోయింది. ఇప్పుడు తగ్గేది చాలావరకు కొవ్వే, అది వారానికి అరకిలో మాత్రమే. కాటా మీద మూడు కిలోలు చూసిన కళ్లకు అరకిలో ఆనదు. "డైట్ పని చేయడం మానేసింది" అనిపిస్తుంది. నిజానికి అసలు పని ఆ వారమే మొదలైంది. సరిగ్గా ఆ సమయంలో చాలామంది వదిలేస్తారు. సంక్రాంతికో, పెళ్లికో రెండు పూటలు అన్నం తింటారు. ఖాళీగా ఉన్న గ్లైకోజెన్ గది నిండుతుంది, నీరు తిరిగి వస్తుంది, రెండు రోజుల్లో రెండు కిలోలు పెరుగుతారు. అప్పుడు పుట్టే నమ్మకం ఇంకా చెడ్డది: "నా ఒంటికి అన్నం పడదు, ఒక్క ముద్ద తింటే కిలో పెరుగుతా." తాతల కాలం నుంచి తింటున్న అన్నం మీద ఇలా తప్పుడు కేసు పడుతుంది.

అన్నం తగ్గించడం తప్పని చెప్పడం లేదు. పళ్లెం నిండా తెల్లన్నం పెట్టుకుని గరిటెడు కూర వేసుకునే అలవాటును తిరగేస్తే, అంటే కూర, పప్పు, గుడ్డు, చేప ఎక్కువ చేసి అన్నం తగ్గిస్తే, బరువుకూ మంచిదే, షుగర్ ఉన్నవాళ్లకూ మంచిదే. చెప్పేది ఒక్కటే. మొదటి వారం అంకెను చూసి ఏ డైట్‌నూ మెచ్చుకోకూడదు. పదిరోజుల ప్యాకేజీలు, ద్రవాహారం కోర్సులు అన్నీ ఈ మొదటి వారం మీదే బతుకుతున్నాయి. "ముందు, తర్వాత" అని చూపే అంకెల మధ్య ఎన్ని రోజుల తేడా ఉందో అడిగితే చాలు, సగం సంగతి తేలిపోతుంది. కార్తీక సోమవారం ఉపవాసం ఉన్న మర్నాడు, రంజాన్ నెలలో ఇఫ్తారుకు ముందు కనిపించే తగ్గుదల కూడా ఈ కోవలోదే.

మిగతా కారణాలు కొన్ని త్వరగా చెప్పుకోవచ్చు. నోట్లో పెట్టుకున్నది మలంగా బయటికి పోయేదాకా ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది, కాబట్టి మలబద్ధకం ఉన్న రోజు బరువు ఎక్కువే చూపిస్తుంది. అరలీటరు నీళ్లు తాగిన మరుక్షణం అరకిలో పెరుగుతుంది. జిమ్‌లో కొత్తగా చేరినవాళ్లకు మొదటి రెండు మూడు వారాలు బరువు తగ్గకపోగా పెరగడం, ప్రదక్షిణ తర్వాత పిక్కల్లో జరిగిన పనే. కండ కోసం క్రియాటిన్ పొడి వాడే కుర్రాళ్లకు కండరాల్లో చేరే నీటి వల్ల కిలో, రెండు కిలోలు పెరగడం సహజం. స్టెరాయిడ్ మాత్రలు, షుగర్‌కు వాడే పయోగ్లిటజోన్ లాంటివి కూడా నీరు పట్టేలా చేస్తాయి. అలాంటప్పుడు మందు సొంతంగా ఆపకుండా డాక్టరును అడగాలి.

ఆడవాళ్ల విషయం మాత్రం త్వరగా దాటేసేది కాదు. నెలసరికి ముందు వారంలో హార్మోన్ల మార్పు వల్ల నీరు ఆగి, అరకిలో నుంచి రెండు కిలోల దాకా బరువు పెరగడం ఎంతోమందికి జరుగుతుంది. నెలసరి మొదలైన కొద్ది రోజుల్లో దిగిపోతుంది. నెలకు రెండు కిలోల కొవ్వు తగ్గించుకుంటున్న మనిషికి ఆ వారంలో కాటా మీద ఏమీ కనిపించదు, పైగా పెరిగినట్టే ఉంటుంది. ఇంట్లో మగవాళ్లు అదే తిండి తిని నున్నగా తగ్గుతున్నట్టు కనిపిస్తే ఆ బాధ రెట్టింపు. సరైన పోలిక నిన్నటితో కాదు, పోయిన నెల ఇదే వారంతో. నెలసరి అయిన ఐదో రోజును పోయిన నెల ఐదో రోజుతో పోల్చుకుంటే ఈ నీటి గొడవ చాలావరకు తప్పుతుంది.

ఒక రాత్రిలో ఎంత మారుతుంది

నీటి బరువు ఎంత వేగంగా మారగలదో దేశమంతా ఒకసారి కళ్లారా చూసింది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో వినేశ్ ఫోగాట్ 50 కిలోల విభాగంలో ఆగస్టు 6 ఉదయం బరువు పరీక్ష దాటింది. మూడు కుస్తీలు గెలిచి, మధ్యలో కొంత ఆహారం, నీరు తీసుకున్నాక సాయంత్రానికి పరిమితికన్నా 2.7 కిలోలు ఎక్కువగా ఉంది. రాత్రంతా నిద్ర లేకుండా, తిండి నీరు లేకుండా, చెమట పట్టించి, చివరికి జుట్టు కూడా కత్తిరించి, ఉదయానికి 100 గ్రాముల దూరం దాకా తెచ్చారు. ఆ 100 గ్రాములకు ఫైనల్ పోయింది. ఆ రాత్రి దిగిన రెండున్నర కిలోలకు పైగా బరువులో కొవ్వు ఉన్నదెంత అంటే దాదాపు లేదనే చెప్పాలి. ప్రపంచస్థాయి క్రీడాకారిణి, వైద్యుల పర్యవేక్షణలో చేసిన పని అది. ఆమె ఒంట్లో పన్నెండు గంటల్లో అంత మారితే, మామూలు మనిషి ఒంట్లో రోజుకు కిలో అటూ ఇటూ కావడంలో వింతేముంది.

మరి అసలు తగ్గుదల ఎలా తెలుస్తుంది? వారానికి అరకిలో కొవ్వు తగ్గుతోందంటే రోజుకు 70 గ్రాములు. రోజువారీ ఊగిసలాట కిలో దాకా ఉన్నప్పుడు 70 గ్రాములను ఏ ఒక్క రోజు అంకె నుంచీ పట్టుకోలేం. ఎగసిపడే అలలను చూసి పోటు వస్తోందో, ఆటు వస్తోందో చెప్పలేకపోవడం లాంటిదే ఇది. కాసేపు ఆగి, తడి ఇసుక గీత ఎక్కడిదాకా వస్తోందో చూస్తేనే తెలుస్తుంది. బరువుకు ఆ గీత వారం సగటు.

ఒక ఊహా లెక్క చూద్దాం. మద్దిలపాలెంలో ఉండే ఒక గృహిణి మూడు వారాలు ప్రతి ఉదయం బరువు రాసుకుందనుకుందాం. మొదటి వారం సోమవారం నుంచి ఆదివారం దాకా 72.4, 71.9, 72.1, 71.6, 72.0, 71.7, 72.3. ఆ ఆదివారం బంధువుల పెళ్లి భోజనం. రెండో వారం 73.0, 72.3, 71.6, 71.3, 71.0, 70.9, 71.1. మూడో వారం 71.2, 71.5, 71.0, 71.4, 70.9, 71.3, 71.1.

ఈమె సోమవారాలు మాత్రమే చూసుకునే మనిషైతే ఏం కనిపించేది? 72.4, తర్వాత 73.0, తర్వాత 71.2. మొదటి వారం కష్టపడి ఆరువందల గ్రాములు పెరిగానని ఏడుపు, రెండో వారం ఏకంగా కిలో ఎనిమిదివందలు తగ్గానని సంబరం. రెండూ తప్పే. ఏడు రోజుల అంకెలు కూడి ఏడుతో భాగిస్తే మొదటి వారం సగటు 72.0, రెండోది 71.6, మూడోది 71.2. వారానికి నాలుగువందల గ్రాములు, రెండుసార్లూ ఒకే మాదిరిగా. పెళ్లి భోజనం కూడా అందులోనే ఇమిడిపోయింది. నాలుగువందల గ్రాముల కొవ్వంటే వారానికి 3,080 క్యాలరీల లోటు, రోజుకు 440. అంటే రెండు కప్పుల అన్నం అంత. ఇది ఎవరికైనా సాధ్యమయ్యే మార్పు. సోమవారం అంకెలను నమ్మి ఉంటే రెండో వారమే మానేసేది.

కనీసం మూడు, వీలైతే నాలుగు వారాల సగటులు చూడనిదే ఒక నిర్ణయానికి రాకూడదు. నాలుగు సగటులూ ఒకచోటే నిలబడి ఉంటే, అప్పుడు తిండి లెక్క మళ్లీ చూసుకోవాలి. బరువు తగ్గేకొద్దీ ఒంటి ఖర్చు కూడా తగ్గుతుంది కాబట్టి కొన్ని నెలలకు వేగం మందగించడం సహజమే. సగటు వారానికి కిలోకు మించి పడిపోతూ ఉంటే సంతోషించే ముందు కొవ్వుతో పాటు కండ కూడా కరుగుతోందేమో చూసుకోవాలి.

చూసుకునే పద్ధతి కూడా ముఖ్యమే. పొద్దున లేచి, కాలకృత్యాలు అయ్యాక, కాఫీ తాగకముందు, పలుచటి బట్టల్లో చూసుకోవాలి. మిషన్‌ను గట్టి గచ్చు మీద, ఎప్పుడూ ఒకే చోట పెట్టాలి. చాప మీదో, తివాచీ మీదో పెడితే అంకె మారిపోతుంది. కొన్ని డిజిటల్ మిషన్లు వెంటవెంటనే రెండోసారి ఎక్కితే, తేడా కొద్దిగా ఉన్నప్పుడు, పాత అంకెనే చూపిస్తాయి. నమ్మకం లేకపోతే మధ్యలో చేతిలో ఏదైనా బరువు పట్టుకుని ఒకసారి ఎక్కి, తర్వాత మళ్లీ మామూలుగా ఎక్కాలి. షాపింగ్ మాల్‌లో, మెడికల్ షాపు ముందు, స్టేషన్‌లో వేర్వేరు మిషన్ల మీద చూసి పోల్చుకోవడం వృథా. స్టీల్‌ప్లాంటులో, పోర్టులో, ఆసుపత్రుల్లో షిఫ్టు డ్యూటీలు చేసేవాళ్లకు "పొద్దున" అన్న మాట పనికిరాదు. నైట్ డ్యూటీ ముగించి ఇంటికొచ్చిన ఉదయం చూసుకునే బరువు, నిద్రలేచి చూసుకునే బరువు వేర్వేరు. వాళ్లకు కొలత ఒకటే: ఏ వేళకైనా సరే, అసలు నిద్ర పోయి లేచాక.

రోజూ అంకె చూడటమే మనసుకు బరువయ్యేవాళ్లు కూడా ఉన్నారు. ఆ అంకెను బట్టి ఆ రోజు తినాలా వద్దా అని నిర్ణయించుకునే స్థితి వస్తే మిషన్ అటకెక్కించడమే మేలు. ముఖ్యంగా కాలేజీ వయసు పిల్లల్లో ఈ లక్షణం కనిపిస్తే ఇంట్లోవాళ్లు తేలిగ్గా తీసుకోకూడదు. తిండి మానేయడం, తిన్నది కక్కేయడం జబ్బులు, వాటికి వైద్యం ఉంది.

కాటా పక్కన టేపు కూడా ఉంటే మంచిది. మామూలుగా ఊపిరి వదిలాక, పొట్ట బిగబట్టకుండా, బొడ్డు దగ్గర నడుము కొలత రెండు వారాలకొకసారి రాసుకోవాలి. భారతీయులకు మగవాళ్లలో 90, ఆడవాళ్లలో 80 సెంటీమీటర్లు దాటితే షుగర్, గుండె జబ్బుల ముప్పు పెరుగుతున్నట్టు లెక్క. బరువులెత్తే వ్యాయామం చేసేవాళ్లకు కండ పెరిగి, కొవ్వు తగ్గి, కాటా అంకె కదలకపోవచ్చు. వాళ్లకు టేపే సాక్షి. బీచ్ రోడ్డు పక్కన బల్ల వేసుకుని ఉచితంగా కొవ్వు శాతం చెప్పే మిషన్ల మీద మాత్రం పెద్ద నమ్మకం పెట్టుకోనక్కర్లేదు. అవి ఒంట్లోకి సన్నటి కరెంటు పంపి, నీటిని బట్టి కొవ్వును అంచనా కడతాయి. గంట నడిచి చెమటోడ్చి ఎక్కితే ఒక మాట, కొబ్బరిబొండం తాగి ఎక్కితే ఇంకో మాట చెబుతాయి.

నీరే అసలు కబురైనప్పుడు

ఇప్పటిదాకా చెప్పినదంతా ఆరోగ్యంగా ఉన్నవాళ్ల గురించి. కొందరికి ఈ సూత్రం పూర్తిగా తిరగబడుతుంది. గుండె బలహీనపడినవాళ్లకు రోజువారీ ఊగిసలాటే ముఖ్యం, వారం సగటు కాదు. గుండె సరిగా పంపు చేయలేనప్పుడు ఒంట్లో నీరు చేరడం మొదలవుతుంది. ఆయాసం వచ్చేకన్నా ముందే కొన్నిసార్లు అది కాటా మీద కనిపిస్తుంది. మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే, కాళ్ల వాపు ఉంటే, పడుకుంటే ఊపిరి ఆడకపోతే "ఉప్పు ఎక్కువ తిన్నానేమో" అని ఆగకుండా వెంటనే డాక్టరును కలవాలి. ఇలాంటివాళ్ల ఇంట్లో వెయిట్ మిషన్ కూడా మందుల పెట్టె లాంటిదే. పెద్దవాళ్లకు అంకె కనబడకపోతే ఇంట్లో ఒకరు రోజూ చూసి రాసిపెట్టాలి.

కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లదీ ఇదే సంగతి. కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానం నుంచి విశాఖ ఆసుపత్రులకు వచ్చే కుటుంబాలకు ఈ లెక్క బాగా తెలుసు. మూత్రం రానప్పుడు తాగిన ప్రతి గ్లాసూ ఒంట్లోనే ఉండిపోతుంది. ఒక డయాలసిస్‌కూ తర్వాతి డయాలసిస్‌కూ మధ్య పెరిగిన ప్రతి కిలో దాదాపు లీటరు నీరు. ఎంత నీరు తీయాలో నిర్ణయించేది ఆ అంకే. ఒంట్లో అదనపు నీరు లేనప్పుడు ఉండాల్సిన బరువును డాక్టర్లు డ్రై వెయిట్ అనే పేరుతో పెట్టి, ప్రతిసారీ అక్కడికి దించుతారు. ఈలోగా తిండి సరిపోక కండ తగ్గితే, ఆ ఖాళీలో నీరు చేరి, కాటా అంకె మారకుండా ఉండిపోవచ్చు. అందుకే ఆ బరువును అప్పుడప్పుడూ సరిచూస్తుంటారు.

ఇంకో వైపు, ప్రయత్నమేమీ లేకుండా బరువు తగ్గడం. ఆరు నెలల నుంచి ఏడాది లోపు ఒంటి బరువులో 5 శాతం, అంటే 70 కిలోల మనిషి మూడున్నర కిలోలు, తిండి మార్చకుండానే తగ్గితే అది సంతోషించాల్సిన విషయం కాదు. షుగర్, థైరాయిడ్, క్షయ, కొన్ని రకాల క్యాన్సర్లు మొదట ఇలాగే బయటపడతాయి. విపరీతమైన దాహం, రాత్రిపూట పదేపదే మూత్రం, వారాల తరబడి దగ్గు, సాయంత్రం జ్వరం తోడైతే ఇక ఆలస్యం చేయకూడదు. "ఈ మధ్య సన్నబడ్డావు, బాగున్నావు" అని ఎదురింటివాళ్లు మెచ్చుకున్నప్పుడు, దానికోసం ఏం చేశామో గుర్తు రాకపోతే, వెళ్లాల్సింది రక్తపరీక్షకు.